హంపి తర్వాతి రాజధానుల దారిలో ఒక వారం



1565 జనవరిలో తళ్లికోట యుద్ధంలో విజయనగర సేన ఓడిపోయింది, హంపి పాడుబడింది. ఇంతవరకూ అందరికీ తెలిసిన కథే. ఆ తర్వాత ఏం జరిగిందన్నది మాత్రం పాఠ్యపుస్తకాలు రెండు వాక్యాల్లో దాటేస్తాయి. యుద్ధంలో చనిపోయిన రామరాయల తమ్ముడు తిరుమల రాయలు దక్షిణానికి తరలివచ్చి పెనుకొండను రాజధాని చేసుకున్నాడు. ఆ శతాబ్దం చివర్లో వేంకటపతి రాయల కాలంలో రాజధాని చంద్రగిరికి మారింది. పదిహేడో శతాబ్దం మొదట్లో వేలూరు చేరింది. అంటే హంపి పోయాక కూడా విజయనగరం పేరుతో తరాల పాటు రాజ్యం నడిచింది. అది నడిచిన మూడు ఊళ్లూ కోలారు బంగారు గనుల ప్రాంతానికి ఒక్క పగటి ప్రయాణ దూరంలోనే ఉన్నాయి.

గనుల ఊరు ఆండర్సన్‌పేటలో ఎవరైనా విహారయాత్ర అంటే ముందు ఊటీ అంటారు, లేదంటే కొడైకెనాల్ అంటారు. కొంచెం డబ్బు చేతిలో ఉంటే మైసూరు, హంపి. ఆ ఊళ్లు చూడదగ్గవే. కానీ చరిత్ర ఉన్న పట్టణాలు, చల్లని కొండలు రెండూ ఒకే వారంలో, తక్కువ ఖర్చులో కావాలంటే అంత దూరం పోనక్కర్లేదు. కోలారు, నంది కొండ, లేపాక్షి, పెనుకొండ, మదనపల్లె, చంద్రగిరి, వేలూరు. ఇంటి దగ్గర మొదలై మళ్లీ ఇంటికే చేరే వలయం ఇది. వెళ్లిన దారిలో వెనక్కి రావాల్సిన పని దాదాపు ఉండదు. తక్కువ ఖర్చు ప్రయాణానికి అసలు కీలకం అక్కడే ఉంది. తిండి తగ్గించుకుంటే మిగిలేది పదులు, వందలు. ఊళ్ల వరస సరిగ్గా పెట్టుకుంటే మిగిలేది వేలు, దానితో పాటు రెండు రోజుల సమయం.

ఈ ఊరివాళ్లకు సమయం చాలా ఖరీదైనది. 2001 ఫిబ్రవరి 28న భారత్ గోల్డ్ మైన్స్ మూతపడ్డాక ఇక్కడి ఇళ్లలో ఎంతోమంది తెల్లవారకముందే మారికుప్పం రైలెక్కి బెంగళూరు వెళ్లి, చీకటి పడ్డాక తిరిగి వస్తున్నారు. రోజు కూలి మీద, నెల జీతం మీద బతికే మనిషికి ఏడు రోజుల సెలవు బస్సు ఛార్జీల కంటే పెద్ద ఖర్చు. అందుకే ఆ ఏడు రోజుల్లో ఒక్క పూట కూడా బస్టాండులో వృథా కాకూడదు.

ముందుగా ఏ వారం బయలుదేరాలో చూసుకోవాలి. సోమవారం మంచిది. శని ఆదివారాల్లో నంది కొండ మీదికి బెంగళూరు సగం కదిలివస్తుంది. సోమవారం బయలుదేరితే అక్కడికి మంగళవారం చేరతారు, అప్పుడు ఘాట్ రోడ్డు ఖాళీగా ఉంటుంది. రెండో లెక్క శుక్రవారానిది. చంద్రగిరి కోటలోని పురావస్తు శాఖ మ్యూజియానికి శుక్రవారం సెలవు. సోమవారం మొదలుపెడితే శుక్రవారం మదనపల్లె దగ్గరి హార్స్‌లీ హిల్స్‌లో గడుస్తుంది, కొండకు సెలవు ఉండదు కదా. ఇక నెల సంగతి. నవంబరు, డిసెంబరుల్లో ఈశాన్య రుతుపవనాల వానలు చిత్తూరు, తిరుపతి వైపు గట్టిగా పడతాయి. సంక్రాంతి వారంలో బస్సుల్లో నిలబడేందుకు చోటు దొరకదు. సంక్రాంతి జనం తిరిగి వెళ్లాక, జనవరి చివరి నుంచి ఫిబ్రవరి దాకా హాయిగా తిరగవచ్చు.

సోమవారం ఉదయం కోలారు. రాబర్ట్‌సన్‌పేట బస్టాండు నుంచి బస్సులు ఉంటాయి. గంగ రాజులకు తొలి రాజధానిగా పేరున్న కువలాలపురం ఇదే. అక్కడ కోలారమ్మ గుడిని తొందరగా చూసి వచ్చేయకూడదు. చోళుల నాటి గుడి, గోడల మీద రాజేంద్ర చోళుడి కాలపు శాసనాలు ఉన్నాయి. పక్కనే తేళ్ల దేవతగా కొలిచే చేలమ్మ ఉంది. ఆ గుడిలో నేలలోకి తొలిచిన పాత హుండీ ఒకటుంది. తరతరాలుగా భక్తులు కానుకలు వేస్తున్నది అందులోనే. దగ్గరలోని సోమేశ్వరాలయం విజయనగర శైలిది, దాని కల్యాణ మంటపం స్తంభాల దగ్గర ఒక గంట గడిచినా తెలియదు. ఆ ఊళ్లోనే హైదరలీ తండ్రి ఫతే మహమ్మద్ సమాధి ఉంది. హైదరలీ పుట్టిన బూదికోట కూడా ఈ జిల్లాదే. మధ్యాహ్నం అంతరగంగ. కొండ మెట్లెక్కితే రాతి బసవన్న నోట్లోంచి నీటి ధార పడుతుంటుంది. వెంట పిల్లలుంటే కోతుల విషయంలో జాగ్రత్త, చేతిలో పొట్లం కనిపించకూడదు.

సాయంత్రానికి చిక్కబళ్లాపురం చేరాలి. కోలారు నుంచి రైలుంది, వేళ కుదిరితే దాన్నే ఎంచుకోవాలి. ఒకప్పుడు నారోగేజ్ బండ్లు తిరిగిన లైను ఇది, 2013లో బ్రాడ్‌గేజ్‌గా మారి మళ్లీ తెరుచుకుంది. శ్రీనివాసపురం మామిడి తోటలు, చింతామణి, పట్టుగూళ్ల సంతకు పేరుపడ్డ శిడ్లఘట్ట, ఇవన్నీ కిటికీలోంచే చూడొచ్చు. ప్యాసింజర్ రైలు కనీస ఛార్జీ 10 రూపాయలు. రోజుకు నడిచే బండ్లు తక్కువ కాబట్టి వేళలు ముందు రోజే చూసుకోవాలి. రైలు కుదరకపోతే చింతామణి మీదుగా బస్సులున్నాయి.

మంగళవారం నంది. ఎత్తు 1,478 మీటర్లు. చాలామంది కొండపైకి వెళ్లి, మంచును చూసి, ఫొటో తీసుకుని దిగిపోతారు. కొండ కింద నంది గ్రామంలోని భోగనందీశ్వరాలయం చూడకుండా వచ్చిన యాత్ర సగం యాత్రే. తొమ్మిదో శతాబ్దంలో మొదలై నొలంబులు, గంగులు, చోళులు, హొయసలులు, విజయనగర రాజులు వరసగా చెయ్యి వేసిన గుడి అది. ఒక్క ప్రాకారంలో అన్ని కాలాల పనీ కనిపిస్తుంది. పక్కనున్న శృంగి తీర్థమనే కోనేరు మెట్ల వరసలు ఎంతసేపు చూసినా తనివి తీరదు. పైనున్న కోట టిప్పు సుల్తాన్ బలపరిచింది, 1791లో ఇంగ్లీషు సైన్యం దాన్ని పట్టుకుంది. 1986లో బెంగళూరులో సార్క్ సమావేశం జరిగినప్పుడు దేశాధినేతలు విశ్రాంతికి వచ్చింది ఈ కొండమీదికే.

నంది దగ్గర ఇంకో విషయం ఆగి ఆలోచించదగ్గది. ఈ కొండల ప్రాంతంలోనే పెన్నా పుడుతుంది, పాలారూ పుడుతుంది. పెన్నా ఉత్తరానికి తిరిగి హిందూపురం వైపు సాగి, రాయలసీమంతా చుట్టి నెల్లూరు దగ్గర సముద్రంలో కలుస్తుంది. పాలారు కోలారు జిల్లా మీదుగా బేతమంగళం చెరువును నింపి, వేలూరు పక్కగా పోతుంది. గనుల కాలంలో బంగారు గనుల కాలనీలకు తాగునీరు వచ్చింది ఆ బేతమంగళం నుంచే. ఈ యాత్ర కూడా పెన్నా వెంట పైకి వెళ్లి పాలారు ఒడ్డుకు దిగుతుంది.

మంగళవారం మధ్యాహ్నం గౌరిబిదనూరు మీదుగా హిందూపురం. దారిలో విదురాశ్వత్థం దగ్గర ఒక గంట దిగాలి. 1938 ఏప్రిల్ 25న అక్కడ జాతీయ జెండా ఎగరేయడానికి కూడిన జనం మీద పోలీసులు కాల్పులు జరిపారు. చనిపోయినవాళ్లు చుట్టుపక్కల పల్లెల రైతులు, కూలీలు. వాళ్ల పేర్లతో అక్కడ స్మారకం ఉంది. దక్షిణాది జలియన్‌వాలా అని పిలుచుకునే ఈ చోటు గురించి అటు కోలారు పిల్లలకూ ఇటు అనంతపురం పిల్లలకూ తెలిసింది చాలా తక్కువ, అది బాధ కలిగించే సంగతి.

హిందూపురంలో రెండు రాత్రులు ఒకే గదిలో ఉండటం మంచిది. సామాను గదిలో వదిలేసి బుధవారం పొద్దున్నే పదిహేను కిలోమీటర్ల దూరంలోని లేపాక్షి బస్సెక్కవచ్చు. ఆ రోజుకు వేరే పని పెట్టుకోకూడదు. అచ్యుతదేవరాయల కాలంలో పెనుకొండలో అధికారిగా ఉన్న విరుపణ్ణ, అతని తమ్ముడు వీరణ్ణ కట్టించిన వీరభద్రాలయం అది. నేలను తాకీ తాకనట్టున్న స్తంభం కింద తువ్వాలు దూర్చి చూడటానికే అందరూ గుమిగూడతారు. అది చూశాక తల పైకెత్తాలి. కప్పు మీద విజయనగరం నాటి చిత్రాలు ఉన్నాయి. ఆనాటి చీరల అంచులు, పొడుగు టోపీలు, జడల అలంకారాలు ఇంకా రంగుల్లోనే కనిపిస్తాయి. విజయనగర కాలపు చిత్రకళ ఇంత విస్తారంగా మిగిలిన చోట్లు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. పైకి చూస్తూ మెడ నొప్పి పుడితే గోడకు ఆనుకుని కూర్చుని చూడాలి, తొందరపడకూడదు. ఆగిపోయిన కల్యాణ మంటపం, ఏడు పడగల నాగలింగం, ఊరి మొదట్లో ఒకే రాతిలో మలచిన 15 అడుగుల ఎత్తు, 27 అడుగుల పొడవు బసవన్న, అన్నీ నడక దూరంలోనే. 2022లో ఈ గుడి, బసవన్న యునెస్కో తాత్కాలిక జాబితాకు ఎక్కాయి.

గురువారం పెనుకొండ. హిందూపురం నుంచి రైలు, బస్సు రెండూ ఉన్నాయి. నిజం చెప్పాలంటే పెనుకొండలో చూపించేవాళ్లు తక్కువ, బోర్డులు ఇంకా తక్కువ. హంపి పతనం తర్వాత దక్షిణదేశాన్ని ఏలినవాళ్లు కూర్చున్న ఊరు ఇదేనని తెలిసి వెళ్తేనే గగన్ మహల్ ముందు నిలబడినప్పుడు మనసు కదులుతుంది. కొండ చుట్టూ కోట గోడలు, లోపల గుళ్లు, జైన బసది, బాబయ్య దర్గా ఒకే ఊళ్లో ఉన్నాయి. కొండెక్కే ఓపిక ఉన్నవాళ్లు ఎండ ముదరకముందే పైకి పోవాలి. ఈ ఊరికి మంచి సమాచార కేంద్రం ఒకటి ఉంటే, ఆటో తోలే కుర్రాళ్లకు నాలుగు విషయాలు నేర్పితే, ఆదాయం ఊళ్లోనే మిగులుతుంది. ఈ పని ఎప్పుడో జరగాల్సింది.

అదే సాయంత్రం కదిరి చేరి అక్కడే పడుకోవాలి. లక్ష్మీనరసింహస్వామి గుడి ఊళ్లోనే ఉంది. ఆ చుట్టుపక్కల ఉన్నవే వేమన సమాధి ఉన్న కటారుపల్లె, సుమారు 5 ఎకరాల్లో ఊడలు దిగిన తిమ్మమ్మ మర్రిమాను. రెండూ చూడాలని పట్టుబడితే మరో రోజు పడుతుంది.

శుక్రవారం మదనపల్లె. రవీంద్రనాథ్ ఠాగూర్ 1919 ఫిబ్రవరిలో ఇక్కడి బెసెంట్ థియోసాఫికల్ కాలేజీలో బస చేశారు. జనగణమన గీతాన్ని ఆయన ఇంగ్లీషులోకి అనువదించింది ఇక్కడే. ఆ పాట బాణీకి స్వరలిపి రాయడంలో మార్గరెట్ కజిన్స్ తోడ్పడ్డారు. జిడ్డు కృష్ణమూర్తి పుట్టిన ఊరు కూడా ఇదే. లాడ్జిలో సామాను పెట్టి, భోజనం చేసి, హార్స్‌లీ హిల్స్‌కు బయలుదేరాలి. కడప కలెక్టరుగా ఉన్న డబ్ల్యూ.డి. హార్స్‌లీ వేసవి బంగళా కట్టుకోక ముందు అది ఏనుగు మల్లమ్మ కొండ. నాలుగు వేల అడుగులకు పైబడిన ఎత్తు, యూకలిప్టస్ చెట్ల మధ్య మలుపుల దారి. కొండమీద గదులు మదనపల్లె గదుల కంటే ఖరీదు కాబట్టి రాత్రికి దిగిరావడమే మేలు. పైకి బస్సులు తక్కువ. తిరుగు బస్సు ఎన్ని గంటలకో ఎక్కేటప్పుడే కండక్టరును అడిగి పెట్టుకోవాలి. బస్సు లేకపోతే ఆటోకు రానూపోనూ, ఆగే సమయానికీ కలిపి ముందే మాట్లాడుకోవాలి.

శనివారం పీలేరు మీదుగా తిరుపతి బస్సు. భాకరాపేట ఘాట్‌లో శేషాచలం అడవి రోడ్డుకు ఇరువైపులా వస్తుంది. ఇక్కడ చాలా కుటుంబాలు తడబడతాయి. ఎలాగూ తిరుపతి దాకా వచ్చాం, స్వామిని చూసే పోదాం అంటారు. శనివారం క్యూలో పన్నెండు గంటలు పోయినా ఆశ్చర్యం లేదు, దాంతో మిగతా యాత్రంతా కూలిపోతుంది. తిరుమలకు వేరుగా, టికెట్ చేతిలో పెట్టుకుని రావడమే ఆ దర్శనానికీ మర్యాద. ఈసారికి తిరుపతి నుంచి సిటీ బస్సులో చంద్రగిరి చాలు. కొండ కింద మూడంతస్తుల రాజమహల్, పక్కన రాణీమహల్ ఉన్నాయి. రాయి, ఇటుక, సున్నంతో కట్టిన ఆ రాజమహల్ గదులే ఇప్పుడు మ్యూజియం. 1639లో దామర్ల వేంకటాద్రి నాయకుడు ఈస్టిండియా కంపెనీకి మద్రాసు స్థలం ఇచ్చినప్పుడు అతని పైనున్నది చంద్రగిరి రాజులే. చెన్నపట్నం పుట్టుక వెనక ఉన్న ఊరు ఇది.

శనివారం రాత్రి తిరుపతిలో గది వెతకడం కంటే చిత్తూరు మీదుగా వేలూరు వెళ్లిపోవడం నయం. 1900లో ఐడా స్కడర్ మొదలుపెట్టిన సి.ఎం.సి. ఆసుపత్రికి దేశమంతటి నుంచి రోగులు వస్తారు, అందుకే చుట్టుపక్కల వీధుల్లో చవక లాడ్జిలు చాలా ఉన్నాయి. ఆసుపత్రిని ఆనుకున్న గదులు రోగుల కుటుంబాలకు అవసరం కాబట్టి కొంచెం ఎడంగా, కొత్త బస్టాండు వైపు చూసుకోవడం ధర్మం.

ఆదివారం వేలూరు కోట. చుట్టూ నీళ్లున్న కందకంతో ఇంత చక్కగా నిలిచిన కోట దక్షిణాదిలో అరుదు. లోపలి జలకంఠేశ్వరాలయంలో కొన్ని శతాబ్దాల పాటు పూజలు లేవు, 1981లో స్వామి మళ్లీ గర్భగుడికి చేరాడు. 1806 జూలై 10న సిపాయిలు తిరగబడింది ఈ కోటలోనే. అప్పుడు టిప్పు సుల్తాన్ కుటుంబం లోపల బందీగా ఉంది. సోమవారం కోలారులో చూసిన సమాధి ఫతే మహమ్మద్‌ది, ఇక్కడ బందీలైనవాళ్లు ఆయన మునిమనవలు. కాట్పాడి స్టేషనుకు వెళ్లి మధ్యాహ్నం రైలెక్కితే జోలార్‌పేట, కుప్పం దాటి రాత్రిలోపు బంగారుపేట చేరవచ్చు.

ఇప్పుడు ఖర్చు. ఇద్దరికి ఏడు రోజులకు 15,000 రూపాయలు పక్కన పెట్టుకుంటే సరిపోయేలా పద్దు వేయవచ్చు. ఆరు రాత్రులకు గదికి 900 చొప్పున 5,400. తిండికి మనిషికి రోజుకు 250 చొప్పున 3,500. దారి మొత్తం దగ్గరదగ్గర తొమ్మిది వందల కిలోమీటర్లు, బస్సులకూ రైళ్లకూ ఇద్దరికి 2,600. ఆటోలకు 1,500. ప్రవేశ రుసుములు, సామాను భద్రపరిచే గదులకు 400. మొత్తం 13,400. మిగిలిన 1,600 ముట్టుకోకుండా ఉంచాలి, ఒక బస్సు తప్పినా ఒకరికి జ్వరం వచ్చినా అది ఆదుకుంటుంది. ధరలు ఊరిని బట్టి అటూ ఇటూ కావచ్చు, కానీ ఏ పద్దు పెరిగిందో తెలియాలంటే ముందు పద్దంటూ ఉండాలి.

ఈ పద్దును ఇంకా తగ్గించే ఏర్పాట్లు ఉన్నాయి. కర్ణాటక చిరునామా ఉన్న గుర్తింపు కార్డు చూపిస్తే శక్తి పథకం కింద ఆడవాళ్లకు ఆర్డినరీ, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో రాష్ట్రం లోపల ఛార్జీ లేదు. కోలారు, చిక్కబళ్లాపురం, గౌరిబిదనూరు దాకా అది పనికొస్తుంది. 2025 ఆగస్టు 15 నుంచి ఆంధ్రలోనూ స్త్రీశక్తి పథకం ఉంది, అయితే అది ఆంధ్ర కార్డు ఉన్నవాళ్లకే. తమిళనాడులో సాధారణ టౌన్ బస్సులు ఆడవాళ్లందరికీ ఉచితం, కాబట్టి వేలూరు నుంచి కాట్పాడికి టికెట్ అక్కర్లేదు. తిండికి కర్ణాటకలో ఇందిరా క్యాంటీన్లు, ఆంధ్ర పట్టణాల్లో 5 రూపాయల అన్న క్యాంటీన్లు ఉన్నాయి. రోజుకు ఒక పూట అక్కడ తిని, రెండో పూట ఆ ఊరి వంట తినాలి. కోలారులో రాగిముద్ద, హిందూపురంలో ఉగ్గాణి బజ్జి, మదనపల్లెలో సంగటి, వేలూరులో బిర్యానీ రుచి చూడకపోతే ఊరు సగమే చూసినట్టు.

ఆండర్సన్‌పేటవాళ్లకు ఇంకో ఆదా పుట్టుకతోనే దక్కింది. గనుల కోసం చిత్తూరు నుంచి, ఉత్తర ఆర్కాడు నుంచి వచ్చిన కుటుంబాల ఊరు ఇది. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, బడిలో కన్నడం. ఈ యాత్రలో భాష కూడా అదే తీరున మారుతుంది. కోలారు, చిక్కబళ్లాపురాల్లో కన్నడం, హిందూపురం నుంచి చంద్రగిరి దాకా తెలుగు, వేలూరులో తమిళం. బేరం ఆడటానికి, దారి అడగడానికి, గుడిలో పూజారితో నాలుగు మాటలు మాట్లాడటానికి మధ్యవర్తి అక్కర్లేదు. పెనుకొండలాంటి చోట గైడు లేకపోయినా చెట్టు కింద కూర్చున్న పెద్దాయనను పలకరిస్తే ఊరి చరిత్ర దొరుకుతుంది.

వారం సెలవు దొరకనివాళ్లు, మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు ఈ వలయాన్ని రెండుగా కోసుకోవచ్చు. కోలారు, నంది, లేపాక్షి మూడు రోజుల్లో చూసి హిందూపురం నుంచి బెంగళూరు మీదుగా రైల్లో తిరిగి రావచ్చు. మదనపల్లె, చంద్రగిరి, వేలూరు ఇంకో నాలుగు రోజులు, వాటిని వచ్చే ఏటికి ఉంచుకోవచ్చు. అదీ కుదరనివాళ్లకు ఆదివారాలు ఉన్నాయి. నొలంబుల రామలింగేశ్వర గుళ్లున్న అవని కొండ, నిలువెత్తు వినాయకుడున్న కురుడుమలె రెండూ ములబాగల్ పక్కనే. పొద్దున బస్సెక్కితే రెండూ చూసి, ములబాగల్‌లో నేతి దోసె తిని సాయంత్రానికి ఇల్లు చేరవచ్చు. ఆడవాళ్లయితే ఆ రోజు బస్సు ఖర్చు కూడా ఉండదు, ఆధార్ కార్డు మాత్రం మరిచిపోకూడదు.